రెండో కెమెరా

బల్ల కింద నుంచి మా ఆయన కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. కుడి అరికాలి మధ్యలో ఒక పుట్టుమచ్చ ఉంది, పెళ్లయి ఇన్నాళ్లయినా ఈ మచ్చను ఇవాళే చూస్తున్నాను, ఈ మనిషిలో నాకు తెలియనివి ఇంకా ఎన్ని ఉన్నాయో, రోజుకొకటి దొరికినా ముసలితనం దాకా సరిపోతాయేమో అని నాలో నేను నవ్వుకుంటున్నాను, సరిగ్గా అప్పుడు నా ఎడమ చేతిలో ఫోను "ఒరే హరీ, ఇప్పుడు సూడు, డిస్కులు కనబడతన్నాయా" అంది. నవ్వు అక్కడే ఆగిపోయింది. ఫోను నాది, గొంతు ఝాన్సీది. ఆయన ఫోను నా కుడి చేతిలో టార్చిలైటై వెలుగుతోంది కాబట్టి ఆవిడతో మాట్లాడడానికి నా ఫోను కావలసి వచ్చింది, అంటే ఇక మీదట ఆవిడ నంబరు నా దగ్గర కూడా ఉంటుంది, మా అమ్మ నంబరు పక్కన, హాయిగా.

"కీర్తీ, స్క్రీను మీద ఏటి వచ్చింది?" అన్నారు బల్ల కింద నుంచి. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, డిస్కులు ఉండవలసిన చోట ఖాళీ. లేవని చెప్పాను. "రెండూ లేవే," అన్నారు ఆయన, ఆ మాట నాకు కాదు, నా చేతిలో ఉన్న గొంతుకి.

పొద్దున్న వాన మొదలైంది, కరెంటు పోయి వచ్చింది, వచ్చాక మిషన్ ఆన్ చేస్తే ఈ నల్ల తెర. మిషన్ అంటే కంప్యూటరు, ఈ ఇంట్లో దాన్ని అలాగే అంటారు. మా ముందు గదే స్టూడియో, పెళ్లిళ్లకి వీడియోలు తీసి ఇక్కడే మిక్సింగ్ చేస్తారు, చోడవరంలో, బుచ్చయ్యపేటలో, రోలుగుంటలో ఎవరి పెళ్లయినా చివరికి ఈ బల్ల మీదికి వస్తుంది. మిషన్‌లో రెండు డిస్కులు, ఒకదానిలో మిషన్‌ని నడిపించే సరంజామా, రెండో దానిలో పెళ్లిళ్లు. ఆ పెళ్లిళ్లలో ఒకటి మాది. అందరి పెళ్లిళ్లూ అందంగా కత్తిరించి పాటలు పెట్టి ఇచ్చేసే ఈ మనిషి మా పెళ్లిని మాత్రం కెమెరాల నుంచి డిస్కులోకి దించి అలా వదిలేశారు, మనదే కదా, తరవాత చూద్దాం అని, కెమెరాల్లోని కార్డులు చెరిపి మళ్లీ వాడేశారు కూడా, ఇప్పుడు మా పెళ్లికి ఉన్న ఒకే ఒక చోటు ఆ డిస్కు, అదేమో ఉందో లేదో మిషన్‌కే తెలియడం లేదు.

నాకు ఈ మిషన్ అంటే మొదటి నుంచీ పడదు, ఈ మాట ఎవరితోనూ అనలేదు, కంప్యూటరుతో పంతమేమిటే అని నవ్వుతారు. దీనికి ఏసీ ఉంది, మా పడకగదిలో టేబుల్ ఫ్యాను. దీని మీద దుమ్ము పడకుండా దూదితో తుడుస్తారు, నా జడలో పువ్వు పక్కకి ఒరిగితే చెప్పరు. ఆషాఢమని నన్ను దేవరాపల్లి పుట్టింటికి పంపించేస్తే అక్కడ మా మేడ మీద సిగ్నలు దొరికే మూల కోసం గొడుగేసుకుని తిరిగి ఫోను చేసేదాన్ని, ఆయన మాటల వెనక దీని ఫ్యాను చప్పుడు గుయ్యిమని వినబడేది, నేను లేని ఇంట్లో ఇది ఉంది కదా అనుకునేదాన్ని. ఇక ఆ పెళ్లికూతుళ్లు. ఒక్కొక్కరి ముఖాన్ని తెరంతా నింపి, బుగ్గ మీద వెలుగు పెంచి, నవ్వు మొదలయ్యే చోట నిదానం చేసి, మళ్లీ వెనక్కి తిప్పి మళ్లీ నిదానం చేసి, ఒక మధ్యాహ్నమంతా రాజ్యం అనే ఆవిడ తల ఎత్తి చూడడాన్ని చూస్తూ కూర్చున్నారు, నేను టీ తెచ్చి పక్కన పెడితే కప్పు కోసం గాలిలో తడిమారు. నేను కూడా తల ఎత్తి చూశాను, అక్కడే నిలబడి, ఎంత నిదానంగా చూడాలో అంత నిదానంగా. "టీ సల్లారిపోయిందేటి" అన్నారు. అది గుర్తొచ్చి ఇప్పుడు కూడా నవ్వూ ఉక్రోషమూ ఒకేసారి వస్తున్నాయి, టార్చి కదిలింది కాబోలు, "లైటు ఇటు, ఇటు" అంటున్నారు.

"ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దేవా?" అంది ఝాన్సీ.

"రుద్దేను."

"పెన్సిలు రబ్బరేనా? పోయినసారి పెన్ను రబ్బరెట్టి గీకేసేవు."

ఇద్దరూ నవ్వారు. పోయినసారి ఎప్పుడో నాకు తెలియదు. వాళ్లిద్దరికీ చాలా పోయినసార్లు ఉన్నాయి. అనకాపల్లిలో డిప్లొమా కలిసి చదివారట, ఈ మిషన్ ముక్కలన్నీ ఇద్దరూ విశాఖపట్నంలో నాలుగు కొట్లు తిరిగి కొనుక్కొచ్చి, ఈ గదిలోనే నేల మీద పేపరు పరిచి కూర్చుని బిగించారట, మా అత్తయ్య వాళ్లకి చారన్నం కలిపి పెట్టిందట, ఇదంతా అత్తయ్యే చెప్పింది, "బంగారంలాటి గుంట" అని కూడా అంది. ఝాన్సీ ఇప్పుడు విశాఖపట్నంలో ఏదో కాలేజీలో కంప్యూటర్ల గది చూసుకుంటోంది. మనిషిని నేను ఒక్కసారే చూశాను, మా పెళ్లిలో, ఆకుపచ్చ చీర, మెడలో కెమెరా. ఫోను ఎత్తగానే నన్ను "చెల్లీ" అంది. ఆ పిలుపు గురించి నేను అప్పటి నుంచీ లెక్క వేస్తూనే ఉన్నాను. నన్ను వదినా అనొచ్చు కదా, అంటే మా ఆయన అన్న వరసో తమ్ముడి వరసో అయి నాకు హాయిగా ఉండేది. చెల్లి అంది. నేను చెల్లినైతే ఈయన మరిది అవుతారు, మరిదితో వేళాకోళాలాడొచ్చు, ఒరే అనొచ్చు, రబ్బరు గురించి నవ్వుకోవచ్చు. తెలిసే అందా, నోటికొచ్చి అందా. వాళ్ల నాన్న శాంతిరాజు గారిని ఈయన మావయ్యా అనే పిలుస్తారు. అది ఇంకా ఘోరం.

"రెండూ ఒక్కసారి చావవురా," అంటోంది ఝాన్సీ, తొందర లేని గొంతు, కొంచెం బొంగురు, నాకు అలాంటి గొంతు ఉంటే బాగుండునని ఉంది. "ఒకటి కనబడకపోతే ఆ డిస్కు పోయినట్టు. రెండూ కనబడలేదంటే వాటికి అన్నం వెళ్లే దారి పోయినట్టు. కంగారు పడకు."

కంగారు ఆయనకి కాదు, నాకు. ఆ డిస్కులో నాకు కావలసింది పెళ్లంతా కాదు, ఒక్క ముక్క. అడ్డుతెర దించిన ముక్క. పురోహితులు గట్టిగా చదువుతున్నారు, వాయిద్యాలు ఒక్కసారిగా ఎత్తుకున్నాయి, తెర వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా నడినెత్తిన జీలకర్ర బెల్లం పెట్టింది, మా నాన్న ఏరి తెచ్చిన బెల్లం మరీ మెత్తనిది, కరిగి నుదుటి మీదుగా కంట్లోకి దిగింది. కళ్లు మూసుకున్నాను. ఆ మూసుకున్నంత సేపట్లోనే తెర దించేశారు. ఒక మనిషి నన్ను భార్యగా మొదటిసారి చూసిన చూపు, నా జీవితంలో మళ్లీ రానిది, బెల్లం మంటలో పోయింది. మా పిన్ని కూతురు రోజా "అబ్బో, బావ సూపు సూడాల్సిందే, ఆఖరి బస్సు దొరికినోడిలా సూసేడు" అని పడీపడీ నవ్వింది. అందరూ చూశారు, నేను తప్ప. ఈయన్ని అడిగితే "ఏమో, గుర్తు లేదు, పంచె జారిపోద్దేమోనని భయం" అన్నారు. వీడియోలో ఉంటుంది కదా అని ఆశపడ్డాను. "దానికేం, ముహూర్తం టైముకి కెమెరా పెళ్లికూతురు మీదే ఉండాలి, మా లైన్లో అదే రూలు, మొత్తం నువ్వే ఉంటావు" అన్నారు ఎంతో సంతోషంగా. నేను నాకెందుకు, అద్దంలో రోజూ ఉంటాను. అయినా ఎక్కడో ఒక మూల, ఏ చుట్టం భుజం మీదుగానో, ఒక్క రెప్పపాటు ఆయన ముఖం పడి ఉండదా అని చూస్తున్నాను. ఆ ఆశ ఇప్పుడు ఈ బల్ల కింద ఉన్న ఇనప డబ్బాలో ఉంది, దాన్ని బతికించే దారి ఝాన్సీకి తెలుసు, నాకు తెలియదు. దేవుడా, ఈవిడ దగ్గరే అడుక్కోవాలా.

"డిస్కు మీద చెయ్యెట్టి సూడు," అంది. "లోపల తిరుగుతుంటే సన్నగా వణుకుద్ది."

"నా సెయ్యి పట్టట్లేదే, కేబుల్ పట్టుకునున్నాను. కీర్తీ, నువ్వు పెట్టు."

ఫోను ఒళ్లో పెట్టుకుని, వంగి, బల్ల కిందికి దూరాను. కొత్త గాజులు కేబినెట్ అంచుకి తగిలి గలగలమన్నాయి. లోపలంతా వేడి, దుమ్ము వాసన, ఆయన చొక్కా చెమట వాసన, వాన రోజు బల్ల కింద ఇద్దరం, ఫోను లేకపోతే ఎంత బాగుండేది. ఆయన నా వేళ్లు పట్టుకుని తీసుకెళ్లి ఒక చల్లటి రేకు మీద ఆనించారు. అరచెయ్యంత ఉంది. ఇన్ని పెళ్లిళ్లు ఇంతలోనా. నాడి చూసే ఆచారిలా ఊపిరి బిగబట్టాను. ఏమీ లేదు. ఇంకో దాని మీద పెట్టించారు. అదీ అంతే, ఆరిన పొయ్యిలా ఉంది. "వణకట్లేదండీ," అన్నాను, నా గొంతే వణికింది, ఆ వణుకుని ఝాన్సీ విన్నది, "భయం లేదు చెల్లీ, కరెంటు అందటం లేదంతే, లోపల సరుకు అలాగే ఉంటాది" అంది. మంచిగా చెప్పింది. మంచిగా చెప్పినందుకు ఇంకా కోపం వచ్చింది, చెడ్డదైతే నాకు ఎంత సుఖం.

తరవాత ఆ రెండు డిస్కులకీ కరెంటు తెచ్చే తీగల గుత్తి చూడమంది. ఒకే గుత్తి, చివర రెండు మూతులు, ఒక్కొక్కటీ ఒక్కో డిస్కులో దిగుతాయట. "ఎరుపొకటి, పసుపొకటి, నలుపు రెండు. ఏదైనా తెగిందేమో సూడు."

"తెగలేదు. ఎరుపుంది, నలుపులున్నాయి, పసుపు ఒకటి, రెండు." ఆయన ఆగారు. "పసుపు రెండున్నాయే."

"రెండుండవురా."

"ఉన్నాయంటన్నాను కదా. ఒకటి గుత్తికి సుట్టుకునుంది."

"సుట్టుకోవడమేటి? ఫోటో తీసి పెట్టు."

ఝాన్సీ మొదటిసారి తడబడింది. నేను టార్చి దగ్గరగా జరిపాను. ఎరుపు, నలుపు, పసుపు, వాటి మీద అడ్డంగా, గట్టిగా బిగించి, ముడులు ముడులుగా ఇంకో పసుపు. ముడిలో ఎండిన చేమంతి రేక. నేను నా చేతి మణికట్టు చూసుకున్నాను.

"అది తీగ కాదండీ," అన్నాను. "తోరం."

నిన్న శుక్రవారం, నా మొదటి వరలక్ష్మీ వ్రతం. అత్తయ్య తోరాలు తానే పేనింది, పసుపు తడిలో ముంచి, ముడి ముడికీ పువ్వు పెట్టి, ఒకటి అమ్మవారికి, ఒకటి తనకి, ఒకటి నాకు, ఇంకోటి పళ్లెంలో మిగిలి ఉంటే ఎవరికో అనుకున్నాను. అత్తయ్యను పిలిస్తే వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మిషన్‌కి తోరం కట్టేవా అమ్మా?" అన్నారు ఈయన, తల బల్లకి కొట్టుకుని.

"కడితే? ఇంటికి అన్నం పెట్టేది అదే కదా బాబూ. దాని పక్క తలుపు ఎప్పుడూ తీసే ఉంచుతావు, సెయ్యేదో తెలవలేదు, ఆ గుత్తి సెయ్యిలాగుంటే దానికే కట్టేను. వదులైపోద్దని గట్టిగా లాగి కట్టేను."

"అలా లాగితేనే ప్లగ్గులు ఊడొచ్చేయి."

"మరి నిన్నంతా నడిసిందేటి?"

నిజమే, నిన్న నడిచింది. రాత్రి తడి ఆరి దారం బిగుసుకుని ఉంటుంది, పొద్దున్నకి మూతులు సగం బయటికి వచ్చి ఉంటాయి. ఇదంతా వింటున్న ఫోను "తోరం అంటే ఏటి?" అంది. ఆ మాటకి నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఆవిడకి తెలియనిది ఒకటి ఈ మిషన్‌లో ఉంది. అది నాకు తెలుసు. పిల్లలకి పాఠం చెప్పినట్టు నిదానంగా, పేనడం నుంచి మొదలుపెట్టి, ముడి ముడికీ ఆగి చెప్పాను, ఆవిడ పూర్తిగా విని "మా ఇంట్లో అయితే మా అమ్మ దాని మీద చెయ్యెట్టి ప్రార్థన చేసి వదిలేసేది, చెల్లీ, ఊడదు" అని నవ్వింది. అత్తయ్య కూడా నవ్వింది. నేను కూడా నవ్వాను, నవ్వినందుకు నా మీద నాకే చిరాకు వేసింది.

ఈయన కత్తెర అందుకున్నారు. అత్తయ్య ముఖం చూసి నేను వద్దన్నాను. తోరం కోస్తారా ఎవరైనా. బల్ల కింద పక్కకి ఒరిగి పడుకుని, గోళ్లతో ఒక్కొక్క ముడీ విప్పాను, పసుపు నా వేళ్లకి అంటింది, ఈయన చెంప నా చెంపకి ఆనుకుని టార్చి పట్టుకున్నారు, ఆ కాసేపూ మిషన్ నాది. ప్లగ్గులు ఆయన నొక్కారు, బటన్ నన్ను నొక్కమన్నారు. ఒక చెయ్యి డిస్కు మీద ఆనించి నొక్కాను. అరచేతి కింద సన్నగా, చాలా లోపల, మొదలైంది. తిరుగుతోంది. ఊళ్లో పెళ్లికూతుళ్లందరూ తిరిగి వచ్చేశారు, రానీ పాపం, ఇవాళ ఎవరి మీదా నాకు కోపం లేదు. "వచ్చేయి, రెండూ వచ్చేయి," అని ఈయన బయటికి పాక్కుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నారు, అత్తయ్య తోరాన్ని కళ్లకద్దుకుని తులసి మొక్కకి కట్టడానికి తీసుకుపోయింది.

"ఏదైనా ఒకటి ఆడించి సూడు," అంది ఝాన్సీ. "మధ్యలో కరెంటు పోయింది కదా, పాడయ్యేయేమో."

ఆయన వెంటనే మా పెళ్లి తెరిచారు. అన్ని పెళ్లిళ్లలో, ఆలోచించకుండా, మాది. నేను కుర్చీ వెనక నిలబడి ఆయన భుజం పట్టుకున్నాను, ఇంకేమీ అక్కర్లేదనిపించింది, కానీ అక్కర్లేకుండా ఎలా ఉంటుంది. మొదటి కెమెరాలో, రూలు ప్రకారం, నేను. కళ్లు గట్టిగా మూసుకుని, నుదుటి మీద బెల్లం గీత, పుల్లమామిడి తిన్న పిల్లలా. తెర దిగింది. ఆయన చెవి ఒకటి కనబడింది, అంతే. ముక్క అయిపోయింది. "ఎంత బాగున్నావో సూడు," అన్నారు. బాగున్నాను. నాకు ఏడుపు వచ్చింది.

"రెండో కెమెరా కూడా సూసేద్దాం," అన్నారు. రెండోది ఝాన్సీ పట్టుకుంది, కింద కూర్చున్న జనాన్ని తియ్యడానికి.

"సాల్లేరా, బాగానే ఉన్నాయి కదా," అంది ఝాన్సీ, "కట్టేయ్, మిషన్‌ని కాసేపు సల్లారనీ." ఆ తొందర లేని గొంతులో తొందర. అప్పటికే ఆయన నొక్కేశారు.

జనం లేరు. ఆయన ఉన్నారు. తెరంతా ఆయనే, దూరం నుంచి దగ్గరికి లాగిన ముఖం, అటూ ఇటూ చుట్టాల తలలు మసకగా కదులుతున్నాయి, ఆయన ఒక్కరే స్పష్టంగా ఉన్నారు. ముందు ఆ ముఖంలో ఏమీ లేదు, పరీక్ష పేపరు కోసం కూర్చున్న కుర్రాడి ముఖం. తెర దిగింది. పెదవులు కొంచెం విడిపోయాయి. గుంపులో ఎవరో పేరు పెట్టి పిలిస్తే ఎవరా అని తిరిగి, పిలిచిన మనిషిని గుర్తుపట్టినట్టు చూశారు. తరవాత నా కంట్లోకి బెల్లం కారడం కనబడింది కాబోలు, తుడవడానికి చెయ్యి ముందుకు వచ్చింది, అందరూ ఉన్నారని సగంలో ఆగింది, ఆగిన చేతిని ఏం చెయ్యాలో తెలియక కండువా అంచు పట్టుకుని నలిపారు, నలుపుతూనే చూస్తున్నారు. నేను ఇంకా కళ్లు తెరవలేదు. ఇంతసేపు చూశారా నన్ను. ఇంతసేపూ కెమెరా తిరగలేదు. అక్షింతలు మధ్య నుంచి రాలాయి, ఎవరో అడ్డం వచ్చి వెళ్లారు, ముఖం మళ్లీ అక్కడే దొరికింది, మధ్యలో, ఒక్క వేలు కూడా పక్కకి జరగకుండా.

"ఇదేటి, జనాన్ని తియ్యమంటే నామీదే ఉంచేసేవేటే," అన్నారు ఈయన, నవ్వుతూ. "ఇదంతా వేస్టు."

"మర్సిపోయేనురా," అంది ఝాన్సీ.

వాన చప్పుడు వినబడింది, ఇక్కడిదో విశాఖపట్నానిదో. ఆ చూపు నాది. అది నా కోసం పుట్టింది, నా ముఖం మీద వాలింది, నాకు అందలేదు, తీసుకెళ్లి దాచింది ఆవిడ. నేను కళ్లు మూసుకున్నప్పుడు ఆవిడ తెరిచి ఉంచింది. ఒక కన్ను కెమెరాకి ఆనించి, రెండోది మూసుకుని, ఆకుపచ్చ చీరలో, జనం తోసుకుంటున్నా కాళ్లు ఊనుకుని, ఆయన ఇంకొకరిని ఇలా చూడడాన్ని చివరిదాకా చూస్తూ నిలబడింది. నా ఈర్ష్య ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది, దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది, చోటు చాలక ఇరుకుగా. ఈయనకి ఏమీ తెలియదు. అరికాలి మచ్చ లాగే ఈ సంగతీ ఆయనకి ఎప్పటికీ కనబడని చోట ఉంది. క్లిప్పు చెరపడానికి మౌస్ కదిలించారు, ఆయన చేతి మీద నా చెయ్యి పెట్టి ఆపాను, పసుపు అంటింది.

"ఇది ఉంచండి."

"నువ్వు లేవు కదే ఇందులో."

"ఉండనివ్వండి."

ఫోను స్పీకరు తీసేసి చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల ఊపిరి వినబడుతోంది. "ఫోకస్ బాగా ఉందా?" అంది, ఆయన్ని కాదు, నన్ను.

"ఉంది," అన్నాను. "మీ చెయ్యి ఎక్కడా కదల్లేదు."